వచ్చి పోయే జబ్బు

గోవాడలో మోటారు సైకిళ్లు మొరాయించే కాలం ఒకటుండేది. సంక్రాంతి నెల పట్టే ముందు మొదలై ఉగాది అటూ ఇటూ అయ్యేదాకా సాగేది. సరిగ్గా అదే మా ఊరి పంచదార మిల్లు గానుగాడే కాలం. చోడవరం సహకార చక్కెర కర్మాగారం ఉన్నది మా గోవాడలోనే. బయటివాళ్లు దాన్ని గోవాడ షుగర్ ఫ్యాక్టరీ అంటారు, మాకు మాత్రం ఒట్టి ఫ్యాక్టరీ. గానుగాట మొదలైతే చుట్టుపక్కల ఊళ్ల చెరకంతా ఎడ్ల బళ్ల మీదా ట్రాక్టర్ల మీదా వచ్చి యార్డులో బారులు తీరేది. కటింగ్ ఆర్డరు అందుకున్న రైతుకి ఇక నిద్ర ఉండదు. కూలీల్ని కుదర్చాలి, చెరకు నరికించాలి, బండి కట్టించాలి, కాటా దగ్గర వంతు కోసం కాపు కాయాలి. సైకిలు మీద తెమలని ఆ తిరుగుడంతా మోటారు సైకిలు మొయ్యాల్సిందే.

ఏడాదిలో తక్కిన రోజులు వసారాలో పడుండే బండి ఆ నాలుగు నెలలూ రాత్రనక పగలనక తిరిగేది. పుష్యమాసపు మంచులో తడిసేది. చెరకు బళ్లు గాళ్లు పెట్టిన మట్టిరోడ్ల మీద ఎగిరెగిరి పడేది. పశువుల సాలలో పెడితే ఎలకలు వైర్లు కొరికేవి. అలా వైర్లలోనూ స్విచ్చుల్లోనూ అణిగి ఉన్న జబ్బులన్నీ ఆ కాలంలోనే బయటపడేవి. గొలుసు తెగితేనో ట్యూబు పగిలితేనో ఎవరికీ దిగులుండేది కాదు. కంటికి కనబడేది చేత్తో బాగుచెయ్యొచ్చు. అందరికీ గుబులు పుట్టించేది మరొకటి: నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచే బండి. దాన్ని మా ఊళ్లో ‘వచ్చి పోయే జబ్బు’ అనేవారు. దారిలో ఏడిపించిన బండి మెకానిక్ ముందుకొచ్చేసరికి ఒక్క కిక్కుకే అందుకునేది. ఏం బాగుచెయ్యమని అడగాలో తెలీక బండి గలాయన నిలబడిపోయేవాడు.

నేను చెబుతున్నది 1980ల చివరి సంగతి. అప్పట్లో మా వైపు పల్లెల్లో పాలవాళ్ల దగ్గర ఎక్కువగా కనబడేది రాజ్‌దూత్. 1960ల నుంచీ ఎస్కార్ట్స్ కంపెనీ చేస్తూ వచ్చిన 175 సీసీ బండి అది. కాస్త సరదా మనుషుల దగ్గర మైసూరులో తయారైన ఎజ్డీ ఉండేది. జపాన్ కంపెనీలతో కలిసి చేసిన 100 సీసీ బళ్లు అప్పుడప్పుడే పట్నాల నుంచి పల్లెలకి చేరుతున్నాయి. మా నాన్నది మాత్రం సెకండ్‌హ్యాండులో కొన్న బుల్లెట్టు. ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లతో కలిసి మద్రాస్ మోటార్స్ వాళ్లు 1955లో కంపెనీ పెట్టి, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఆ బళ్లు చెయ్యడం మొదలుపెట్టారు. అసలు ఇంగ్లండు కంపెనీ మూతపడ్డాక కూడా మన దగ్గర బుల్లెట్టు ఆగలేదు.

ఆ బండిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది హెడ్‌లైటు డూము మీద ఉండే చిన్న గుండ్రటి మీటరు. అందులో ఒక సన్నటి ముల్లు. మధ్యలో సున్నా, ఒక పక్క ప్లస్సు, ఒక పక్క మైనస్సు. బ్యాటరీలోకి కరెంటు పోతోందా, బ్యాటరీలోంచి కరెంటు వస్తోందా అన్నది ఆ ముల్లు చెబుతుంది. దాని పేరు అమ్మీటరని ఆరో తరగతికి వెళ్లే ముందే నాకు తెలుసు. చెప్పింది బడిలో మేష్టారు కాదు, మెకానిక్ మావయ్య.

ఆయన మాకు చుట్టం కాదు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవారు కాబట్టి నాకు మావయ్యయ్యాడు, నేను ఆయనకి కోడల్నయ్యాను. రోడ్డు పక్క వేపచెట్టు కింద తాటాకు పాక, అదే షాపు. చెట్టుకి ఒక పాత చైను వేలాడేది. కిరసనాయిలు పోసిన సత్తు పళ్లెం, పాత ట్యూబు ముక్కలు, ఎమరీ కాయితం, పాయింట్ల గ్యాపు చూసే ఫీలర్ గేజి, గుడ్డలో చుట్టిపెట్టిన కొన్ని స్పానర్లు. అన్నిటికంటే విలువైన పనిముట్టు ఆయన సొంతంగా చేసుకున్నదే. హోల్డరులో పెట్టిన 6 వోల్టుల బల్బు, దానికి రెండు పొడవాటి వైర్లు, వైర్ల చివర క్లిప్పులు. దాన్ని టెస్ట్ లాంపు అనేవాడు. మల్టీమీటరు కొనుక్కున్నాక కూడా ముందు దీన్నే తీసేవాడు. ఎందుకో తర్వాత చెబుతాను.

వచ్చి పోయే జబ్బుతో ఎవరైనా బండి తోసుకొస్తే ఆయన వెంటనే స్పానరు పట్టేవాడు కాదు. ముందు బెంచీ చూపించేవాడు. తర్వాత అడగడం మొదలుపెట్టేవాడు.

“ఎప్పుడాగిపోనాది బావూ? బండి సల్లగున్నప్పుడా, ఏడెక్కినాకా?”

“ఒక్కసారే సచ్చిందా, దగ్గి దగ్గి సచ్చిందా?”

“లైటు కూడా పోనాదా, ఉండిపోనాదా?”

“గతుకులో పడ్డాకా, సాపు రోడ్డు మీదా? హేండిలు ఎటు తిప్పేవు?”

వచ్చినవాళ్లలో చాలామందికి ఈ ప్రశ్నలు విసుగు పుట్టించేవి. బండి ఎదురుగా ఉంటే మాటలెందుకని వాళ్ల బాధ. ఆ మాటల్లోనే సగం పని అయిపోయేదని నాకు తర్వాత తర్వాత అర్థమైంది. దగ్గి దగ్గి ఆగితే పెట్రోలు అందక కావచ్చు, ఠక్కున ఆగితే కరెంటు తెగి కావచ్చు. వేడెక్కాక ఆగితే కాయిలూ కండెన్సరూ అనుమానితులు. తేమలో ఆగితే ప్లగ్గు క్యాపు, దానికొచ్చే లావు వైరు. గతుకులో పడ్డప్పుడు ఆగితే ఎక్కడో ఒక నట్టు వదులైంది, లేదా బ్యాటరీ లోపల అతుకు విడింది. హేండిలు తిప్పినప్పుడు ఆగితే మెడ దగ్గర వైర్లు. ఊరికే వచ్చి ఊరికే పోయే జబ్బు ఉండదని ఆయన నమ్మకం. అది రావడానికి ఏదో ఒక సమయం, ఏదో ఒక సందర్భం ఉంటాయి. ఆ సందర్భం తెలిస్తే చోటు తెలిసినట్టే.

మా బుల్లెట్టు కథ ఆ ఏడు గానుగాట మధ్యలో మొదలైంది. ఫ్యాక్టరీ పని చూసుకుని, చోడవరం వెళ్లి తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో ఆగిపోయేది. నాన్న బండి స్టాండు వేసి, కాసేపు గట్టు మీద కూచుని కిక్కు కొడితే స్టార్టయ్యేది. ఇంటి దగ్గర పొద్దున్నే చూస్తే ఏ లోపమూ లేదు. పట్నంలో ఒక షాపులో చూపిస్తే ప్లగ్గు మార్చారు, మరోసారి వెళితే కాయిలు మార్చారు. డబ్బులు అయ్యాయి గానీ జబ్బు పోలేదు. చలిరాత్రి ఊరవతల చీకట్లో ఆగిపోయిన బండి దగ్గర నాన్న ఒక్కడూ ఉంటాడన్న ఆలోచనతో అమ్మ వాకిట్లోనే కూచునేది. చివరికి నాన్న మావయ్యతో చెప్పాడు. ఆయన ఒకటే మాటన్నాడు.

“ఆగిన సోట సూడాల బావా. నా కాడికి తెచ్చేక ఏటి కనబడతాది?”

ఆ రాత్రి ముగ్గురం బయల్దేరాం. నాన్న నడుపుతున్నాడు, మావయ్య వెనక, నేను ముందు పెట్రోలు ట్యాంకు మీద. అమ్మ నాకు తలచుట్టూ దుప్పటి కట్టి, చేతికి టార్చిలైటిచ్చింది. నా పని ఆ ముల్లుని కనిపెట్టుకుని ఉండడం. “ఈ గుంటకి సూపు బాగుంది. ముల్లు ఎటెళ్లిందో ఇదే సెప్తాది” అని మావయ్య నాన్నని ఒప్పించాడు. మంచు కమ్మిన రోడ్డు, ఎదురుగా చెరకు బళ్ల కింద ఊగే లాంతర్లు, గాలిలో మడ్డి వాసన. చోడవరం పోయి వెనక్కి తిరిగాక, ఊరింకా కొంత దూరం ఉందనగా ఇంజిను ఠక్కున ఆగింది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

“ఎవలూ ఏటీ ముట్టుకోకండి” అన్నాడు మావయ్య.

ముందు ట్యాంకు మూత తెరిచాడు. మూతలో గాలి పోయే సన్నటి కన్నం దుమ్ముతో పూడుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. బండి కొంత దూరం పోయి ఆగుతుంది, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది. అచ్చం కరెంటు జబ్బులాగే కనబడి ఎందరినో పక్కదారి పట్టించే సంగతి అది. మూత తెరవగానే గాలి పీల్చిన చప్పుడు రాలేదు, కార్బొరేటరులో పెట్రోలూ ఉంది. అలా మొదట పెట్రోలు సంగతి తేల్చేశాడు.

తర్వాత లైట్లన్నీ ఆర్పించి, తాళం ఆన్‌లో ఉంచి, ఇంజినులో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ పట్టుకుని కిక్కుని చేత్తో మెల్లగా కిందికి నొక్కాడు. “ముల్లు సూడు కోడలా.”

ముల్లు మైనస్సు వైపు వంగింది. ఇంకాస్త నొక్కాక మధ్యకి వచ్చేసింది. మళ్లీ వంగింది, మళ్లీ వచ్చింది. “ఎల్తంది... వస్తంది” అని చెబుతూ పోయాను.

ఆ చిన్న ముల్లు కదలికలో ఎంత సమాచారం ఉందో ఆ రాత్రి ఆయన చెప్పాడు. బ్యాటరీ నుంచి కరెంటు అమ్మీటరు, తాళం, కాయిలు దాటి పాయింట్ల దగ్గరికి వస్తుంది. పాయింట్లు మూసుకుంటే కరెంటు పారుతుంది, ముల్లు మైనస్సుకి వంగుతుంది. తెరుచుకుంటే కరెంటు ఆగుతుంది, ముల్లు సున్నాకి వస్తుంది. అంటే బ్యాటరీ బాగుంది, తాళం బాగుంది, కాయిలు మొదటి చుట్టు తెగలేదు, పాయింట్లు కదులుతున్నాయి. ఇన్నిటిని ఒక్క దెబ్బకి నిర్దోషులని తేల్చేశాడు. ఇక మిగిలింది కండెన్సరు, కాయిలు రెండో చుట్టు, ప్లగ్గు దాకా పోయే వైరు.

పాయింట్ల మూత విప్పి, టార్చి ఆర్పమన్నాడు. చీకట్లో నాన్న కిక్కు కొట్టాడు. పాయింట్ల మధ్య పసుప్పచ్చటి లావు మెరుపు. ఆరోగ్యంగా ఉన్న పాయింట్ల మధ్య ఆ మెరుపు సన్నగా, నీలంగా, కనీకనబడకుండా ఉండాలి. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు ఒక్కసారి తెగితేనే కాయిల్లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో నిప్పు పడుతుంది. ఆ తెగడాన్ని చప్పున జరిపించేది కండెన్సరు. అది పనిచెయ్యకపోతే కరెంటు తెగకుండా పాయింట్ల మధ్యనే మంటగా సాగుతుంది, ప్లగ్గుకి చేరాల్సిన బలం అక్కడే ఖర్చయిపోతుంది.

మావయ్య జేబులోంచి తనకి తెలిసిన మంచి కండెన్సరు ఒకటి తీశాడు. దానికి ముందే వైరూ క్లిప్పూ అతికించి ఉంచుకున్నాడు. బండిలో ఉన్నదాన్ని విప్పకుండానే, దాని పక్కన దీన్ని తగిలించాడు. మొదటి కిక్కుకే ఇంజిను అందుకుంది. ఇంజిను నడుస్తుండగానే క్లిప్పు తీసేశాడు, ఆగిపోయింది. మళ్లీ తగిలించి కిక్కు కొట్టించాడు, నడిచింది. “ఇదీ దొంగ” అన్నాడు.

ఆ తగిలించడమూ తియ్యడమూ నేను మర్చిపోలేదు. ఆయన పనితనమంతా అందులో ఉంది. కొత్తది పెడితే బండి నడిచింది కదా, చాలదా అని నాన్న అడిగాడు. చాలదన్నాడాయన. వచ్చి పోయే జబ్బు దానంతటదే కాసేపు పోతుంది. మనం ఏదో మార్చిన క్షణంలోనే అది పోతే, మార్చడం వల్లే పోయిందని భ్రమపడతాం. పట్నంలో ప్లగ్గు మార్చినప్పుడూ, కాయిలు మార్చినప్పుడూ బండి నడిచింది మరి! పాతది మళ్లీ పెట్టి చూడాలి. జబ్బు తిరిగి వస్తేనే దాన్ని పట్టుకున్నట్టు. రప్పించలేని జబ్బుని పోగొట్టానని చెప్పకూడదు.

కండెన్సరు మార్చాక బండి కొన్నాళ్లు చక్కగా నడిచింది. తర్వాత ఓ రాత్రి యార్డు నుంచి బయటికి తిరిగే మలుపులో ఇంజినూ లైటూ హారనూ మూడూ ఒక్కసారే పోయాయి. నాన్న హేండిలు సరిచేయగానే అన్నీ తిరిగొచ్చాయి. మావయ్యకి చెప్తే ఆయన మొహంలో నిరాశ లేదు. “అది వేరు, ఇది వేరు” అన్నాడు. పాత బండిలో ఒక జబ్బు చాటున మరొకటి ఉంటుంది. మొదటిది వేడికి వచ్చేది, లైటుని వదిలేసేది. ఇది మలుపులో వచ్చేది, అన్నిటినీ తీసుకుపోయేది. మూడూ కలిసి పోయాయంటే మూడింటికీ కరెంటు తెచ్చే ఉమ్మడి దారిలోనే తెగిందన్నమాట. బ్యాటరీ, ఫ్యూజు, అమ్మీటరు నట్లు, వాటి మధ్య వైరు, ఇంతే. వెతకాల్సిన చోటు చిన్నదైపోయింది.

ఈసారి టెస్ట్ లాంపు తీశాడు. ఒక క్లిప్పు ఇంజినుకి, ఇంకోటి బ్యాటరీ ప్లస్సుకి పెడితే బల్బు తెల్లగా వెలిగింది. ఫ్యూజు అవతల పెట్టినా అంతే. అమ్మీటరు దగ్గర పెట్టి, హెడ్‌లైటు వేసి, నన్ను హేండిలు మెల్లగా తిప్పమన్నాడు. నిటారుగా ఉన్నంతసేపూ వెలుగు బాగుంది. ఎడమ చివరికి తిప్పేసరికి బల్బు ఎర్రగా మారి ఆరిపోయింది. హేండిలు తిరిగే మెడ దగ్గర వైర్ల కట్ట ఏళ్ల తరబడి అటూ ఇటూ వంగుతూ ఉంటుంది. ఆ కట్టలో ఒక వైరుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నడిపించుకుంటూ పోయాడు. ఒక చోట అది మెత్తగా, లోపల ఏమీ లేనట్టు వంగింది. పైతొడుగు కోసి చూపించాడు. రాగి తీగలు పచ్చగా చిలుంపట్టి, చాలావరకు తెగి, రెండు మూడు పోగులు మాత్రమే కలిసున్నాయి. పైకి బాగానే కనబడుతూ లోపల పురులు తెగిపోయిన చేంతాడు లాంటిది ఆ వైరు. ఖాళీ బాల్చీని మోస్తుంది, నిండు బాల్చీతో తెగుతుంది.

మీటరు ఉన్నా ఆయన ముందు టెస్ట్ లాంపే ఎందుకు తీసేవాడో అప్పుడు తెలిసింది. మల్టీమీటరుతో వైరు తెగిందా లేదా అని చూస్తే, అది అతి తక్కువ కరెంటు పంపి చూస్తుంది. ఒక్క పోగు మిగిలి ఉన్నా వైరు బాగుందనే చెబుతుంది. బల్బు నిజంగా కరెంటు లాగుతుంది. బరువు మోయించి చూస్తేనే బలహీనత బయటపడుతుంది. అందులోనూ 6 వోల్టుల బళ్లకి ఈ బాధ ఎక్కువ. 30 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల బండిలో రెండున్నర ఆంపియర్లు తీసుకుంటే, 6 వోల్టుల బండిలో 5 ఆంపియర్లు తీసుకుంటుంది. దారిలో ఒక చెడ్డ అతుకు ఓములో ఐదో వంతు అడ్డుపడినా ఒక వోల్టు అక్కడే పోతుంది. ఉన్న ఆరింట్లో ఒకటి పోతే లైటు గుడ్డిదవుతుంది, కాయిలు నీరసిస్తుంది. మీటరు వాడినా ఆయన వైరు మోస్తున్న వేళే వాడేవాడు. లైటు వేసి, హేండిలు తిప్పుతూ, వైరు రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులు కనబడుతున్నాయో చూసేవాడు. బాగున్న వైరు మీద సున్నాకి దగ్గరగా ఉండాలి.

ఆ పాత వైరు స్థానంలో కొత్తది వేసేటప్పుడు కాస్త పొడుగు ఎక్కువ ఉంచాడు. హేండిలు రెండు చివరలకీ తిప్పి, ఎక్కడా బిగుసుకోవడం లేదని చూశాడు. మెడ దగ్గర అతుకు పెట్టలేదు. సీసం పోసిన చోట వైరు బిరుసెక్కుతుంది, వంగే చోట అలాంటి అతుకు ఉంటే దాని పక్కనే మళ్లీ తెగుతుందని చెప్పాడు.

ఆ పాకలో ఇంకా చాలా చూశాను. ఒక పాలాయన రాజ్‌దూత్ మంచు రోజుల్లో తెల్లారగట్ల మొండికేసేది, ఎండెక్కితే నడిచేది. మావయ్య దాన్ని రాత్రి పాకలోకి తోయించి, దీపాలార్పి, లావు వైరు మీద నీళ్లు చిలకరించి కిక్కు కొట్టించాడు. వైరు మీద పగులు దగ్గర నీలం రంగు నిప్పు చిటపటమంటూ ఇనుప ఫ్రేము మీదికి దూకడం అందరం చూశాం. ప్లగ్గుకి చేరాల్సిన నిప్పు తడి దొరికిన చోట దారి మళ్లుతోంది. పగలు వెలుగులో ఎంత వెతికినా కనబడనిది చీకట్లో తనంతట తనే కనబడింది.

ఇంకొకాయన బండికి బ్రేకు నొక్కితే వెనక లైటు వింతగా మసకబారేది. బల్బులు మార్చారు, స్విచ్చి మార్చారు. అసలు లోపం ఎర్తులో ఉంది. మోటారు సైకిల్లో కరెంటు వెనక్కి పోయే దారి ఇనుప ఫ్రేమే. వెనక మడ్‌గార్డుకి రంగేసినప్పుడు బోల్టు కింద కూడా రంగు పడింది. సరైన దారి దొరకని కరెంటు ఇంకో బల్బు తీగలోంచి దూరి వెళ్తోంది. బోల్టు విప్పి, రంగు గీకి, ఇనుము మెరిసేలా చేసి బిగిస్తే సరిపోయింది. అందులో మార్చాల్సిన సామాను ఒక్కటీ లేదు.

బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా పేరుకునే చిలుముని మాత్రం మా ఇంట్లో అమ్మే శుభ్రం చేసేది. గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుస పొంగి పోయేది. ఆరాక వాజిలైను రాసేది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు తగ్గితే నాన్న కంటే ముందు ఆమే కనిపెట్టేది.

పెద్దయ్యాక భౌతికశాస్త్రం చదివి, బడిలో అదే చెప్పే ఉద్యోగంలో చేరాను. ఓమ్ 1827లో రాసిన నియమం, ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుత్ ప్రేరణ, ఆ ప్రేరణతో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో కార్లకి కుదిర్చిన బ్యాటరీ-కాయిలు జ్వలన పద్ధతి. ఇవన్నీ పుస్తకాల్లో చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు. మా బుల్లెట్టు పాయింట్ల దగ్గర అవన్నీ చూసే వచ్చాను. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్లో ఆ పాయింట్లు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. అంత వేగంలో ఎప్పుడో ఒకసారి తప్పే తప్పుని, చదువు పెద్దగా లేని మనిషి, ఒక బల్బుతోనూ ప్రశ్నలతోనూ పట్టుకునేవాడు. ప్రయోగశాలలో మేం పిల్లలకి నేర్పే క్రమం కూడా అదే. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చినదాన్ని వెనక్కి తెచ్చి చూడాలి. ఫలితం మళ్లీ మళ్లీ రావాలి. నాకు ఆ క్రమశిక్షణ మొదట నేర్పింది వేపచెట్టు కింది పాక. ఈ మాట పొగడ్త కోసం అనడం లేదు.

ఇప్పుడు కాలం మారింది. గోవాడ 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. పాయింట్లు పోయి సీడీఐ అనే ఎలక్ట్రానిక్ జ్వలన పద్ధతి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలొచ్చాక కొత్త బళ్లలో కార్బొరేటరు దాదాపు పోయింది, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరు చూసుకుంటోంది. లోపం వస్తే ఆ కంప్యూటరే ఒక కోడు దాచిపెడుతుంది. అది మంచిదే. అయితే ఆ కోడు ఏ సర్క్యూట్లో తేడా వచ్చిందో చెబుతుంది గానీ, ఏ వైరు ఏ వంపులో తెగిందో చెప్పదు. రాగి తీగ ఇప్పటికీ వంగితే అలిసిపోతుంది. కనెక్టరులో నీరు చేరితే ఇప్పటికీ చిలుం పడుతుంది. ఎలకలు ఇప్పటికీ కొరుకుతాయి. కోడు చూసి సెన్సరు మార్చేసి, జబ్బు పోకపోతే ఇంకో సెన్సరు మార్చే షాపుల్లో నేను నిలబడి చూశాను. ఎప్పుడాగింది, ఎక్కడాగింది, ఎటు తిరిగినప్పుడాగింది అని అక్కడ ఎవరూ అడగలేదు.

దీనికి మెకానిక్కుల్ని తప్పుపట్టి లాభం లేదు, లోపం మనలో ఉంది. ఆ రోజుల్లో కండెన్సరు చాలా చవక. దాని కోసం మావయ్య ఒక రాత్రంతా చలిలో గడిపాడు. ఎర్తు బోల్టు కింద రంగు గీకడానికి సామాను ఖర్చే లేదు. ఎక్కడ గీకాలో కనిపెట్టడానికి మాత్రం ఒక పూట పట్టింది. అలాంటప్పుడు “ఏం మార్చావని డబ్బులడుగుతున్నావు?” అన్న మాట ఆయన ఎన్నిసార్లు పడ్డాడో నేను విన్నాను. సామాను మారిస్తేనే కూలి, వెతికితే లేదు అన్నప్పుడు ఎవరైనా సామానే మారుస్తారు. వెతికే విద్య అలా మెల్లమెల్లగా చేతులు జారిపోతుంది.

కాబట్టి పాత బండి ఉన్నవాళ్లకి నాదొక మనవి. ఈసారి మీ బండి దారిలో ఆగి మళ్లీ నడిస్తే, వేడెక్కాక ఆగిందా, తడిలో ఆగిందా, గతుకులో ఆగిందా, మలుపులో ఆగిందా గుర్తుపెట్టుకోండి. లైటు ఉందో పోయిందో చూడండి. మెకానిక్‌కి ముందు ఆ మాటలు చెప్పండి. ఆయన ఏమీ మార్చకుండా ఒక్క నట్టు బిగించి బండి నడిపించినా, వెతికిన పూటకి పూర్తి కూలి చేతిలో పెట్టండి. మీ ఊళ్లో పాత బళ్లు ఎరిగిన మేస్త్రీలు ఇంకా ఉంటే ఐటీఐలూ హైస్కూళ్లూ వాళ్లని పిలిచి, పిల్లల ముందు ఒక జబ్బు బండిని పెట్టి వెతికించాలి. వెతకడానికి విలువ కట్టిన ఊళ్లోనే వెతికే మనుషులు మిగులుతారు.